నానమ్మ పళ్లు

అమ్మా, ఈరోజు ఇంట్లో నేను, నానమ్మ ఉన్నాం. చనిపోయిన తాత కూడా ఉన్నాడని, తన పళ్లు ఆయనే పీక్కుపోతున్నాడని నానమ్మ అంటోంది.

అది చిగుళ్ల జబ్బని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. పొద్దున ఇంకో పన్ను నొప్పే లేకుండా చేతిలోకొచ్చేసింది. శుక్రవారం సంతకెళ్లినప్పుడు పళ్ల డాక్టరుకి తప్పకుండా చూపించు, లేకపోతే మిగతావీ పోతాయి. అప్పటిదాకా ఉప్పునీళ్లు పుక్కిలించమను. బొగ్గుతో తోమనివ్వకు. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టి అడ్డపొగ తాగనివ్వకు. నువ్వు చెప్తేనే వింటుంది. నోరు తెరిస్తే లోపల ఎర్రగా వెలుగుతోంది, నాకు భయమేసింది.

హాస్టల్‌కి వెళ్తున్నాను.

ఈ చివరి ముక్క బయట నిలబడి రాస్తున్నాను. వెళ్లొస్తానని నవ్వితే, "నవ్వకే గుంటా, తాత నీ పళ్లు సూత్తన్నాడు. బేగి ఎల్లు!" అని నన్ను అరుగు మీదికి నెట్టి తలుపేసుకుంది.