సగం పరుపు

నైరోబి, మంగళవారం

నా బంగారు అత్తకి,

హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే ఏమీ అనుకోకు. పొద్దున తలుపు తీస్తే గడప బయట నజ్జుమ నిలబడి ఉంది. అవునత్తా, మన వీధి నజ్జుమే. ఆ రోజు నా గది మీదికొచ్చిన గుంపుకి అందరికంటే ముందున్న నజ్జుమ. కిటికీలోంచి దాన్ని చూసే కదా నేను వెనక గోడ దూకి పారిపోయింది! నన్ను చూసి అది చేతిలో సంచి జారవిడిచింది.

"ఎవరే? పెళ్ళికూతుర్ని చూసినట్టు గుమ్మంలో నిలబెట్టి చూస్తావేంటి, లోపలికి రానియ్యి!" అని వెనక నుంచి అపియో అక్క నవ్వింది.

ఈ ఇల్లు పెట్టింది ఆవిడే. మగపిల్లాడిగా పుట్టి ఆడదానిలా బతుకుతానన్నందుకు ఊళ్ళోవాళ్ళు తరిమేస్తే ఇక్కడికొచ్చింది. ఇప్పుడు నాలా ఉగాండా నుంచి పారిపోయి వచ్చిన పదకొండు మందిమి ఆవిడ దగ్గర గిన్నెలు తోమే సబ్బునీళ్ళు కలిపి అమ్ముకుంటున్నాం. ఇక్కడ ముందు తిండి పెడతారు, ఆ తర్వాతే ప్రశ్నలు. కొత్తగా వచ్చిన మనిషికి, అంతకుముందు ఆఖరున వచ్చిన మనిషి తన పరుపులో సగం ఇవ్వాలి. నా తర్వాత ఎవరూ రాలేదు. అంటే సగం ఇవ్వాల్సింది నేనే.

నేనొక ఆడపిల్లని ప్రేమించానని లోకంలో ఇద్దరికే చెప్పాను. ఒకరు నువ్వు. మనలో ఆడపిల్లకి పెళ్ళి సంగతులు నేర్పేది మేనత్తే, నీకు కాక ఇంకెవరికి చెప్పుకుంటాను? రెండోది నజ్జుమ. బయటపెట్టింది అదేననడానికి ఇంక నాకు వేరే రుజువు దేనికి?

ఆదివారం అందరం కూర్చుంటాం. అప్పుడు అది చేసిందంతా చెప్పేస్తాను, దాన్ని గెంటేస్తారు. ఈ ఇంటి కాగితం లేకపోతే శరణార్థుల ఆఫీసులో దాని పేరు ఎక్కడం కష్టం. రోడ్డున పడితే పోలీసులు సరిహద్దు దాటించేస్తారు. అన్నీ తెలుసు, అయినా చెప్తాను. తప్పంటావా?

ఫోన్ చెయ్యకు, నాన్న చూస్తాడు. జవాబు ఎప్పటిలాగే బస్సు డ్రైవరు చేతికివ్వు.

నీ ప్రాణం,
నకిబూక

కంపాలా, శుక్రవారం

తల్లీ నకిబూకా,

చెప్పకు. ఆదివారం లోపల ఇది నీ చేతికందాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను. నీ సంగతి బయటపెట్టింది నజ్జుమ కాదు. నేను.

"నీ మేనకోడలు పెళ్ళెందుకు వద్దంటోంది? నువ్వు దానికి నేర్పింది ఇదేనా?" అని మీ నాన్న నా మీద పడ్డాడు. కాస్త భయపెడితే దారికొస్తావనుకుని చెప్పేశాను. ఆయన వెళ్ళి చర్చిలో చెప్పాడు. గుంపు బయల్దేరగానే నజ్జుమ నిన్ను హెచ్చరించడానికి వాళ్ళకంటే ముందు పరిగెత్తింది. నువ్వు చూసింది అదే. "మధ్యలో నీకేంటే నొప్పి?" అని వాళ్ళు పట్టుకుంటే, "నేనూ దానిలాంటిదాన్నే" అంది. ఎనిమిది నెలలుగా ఎక్కడ తలదాచుకుందో.

వాళ్ళ నుంచి తప్పించుకున్నాక అది మా ఇంటికొచ్చి, బయటపెట్టింది నువ్వే కదా అని నన్ను నిలదీసింది కూడా. ప్రతి ఉత్తరంలో నువ్వు దాన్ని తిడుతుంటే నోరు మూసుకుని చదివాను. నన్నేమన్నా పడతాను.

మీ అత్త,
నబ్బోస

నైరోబి, బుధవారం

అత్తా,

సరిహద్దు దగ్గర బస్సు ఆపేశారట. నీ ఉత్తరం సోమవారం అందింది. ఆదివారమే నేను చెప్పేశాను.

"నోరు విప్పవే పిల్లా, నిజమేనా?" అని అపియో అక్క అడిగింది. నజ్జుమ నా వైపు ఒక్కసారి చూసి, "నిజమే అనుకోండి" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నేను మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

నీ ఉత్తరం పట్టుకుని సబ్బు డబ్బాల దగ్గరికి పరిగెత్తాను. అపియో అక్కకి చదివి వినిపించాను. "సబ్బు డబ్బాలు అక్కడ పడేసి కదలండే!" అని ఆవిడ అరిచింది. అందరం తలో దిక్కుకీ వెళ్ళి వెతికాం. నిన్న మధ్యాహ్నం కూరగాయల మార్కెట్టు వెనక గోనెసంచుల మీద కూర్చుని కనిపించింది. "మా అత్తే చెప్పిందని తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదే, దొంగమొహమా?" అని ఏడుస్తూ దాన్ని కొట్టాను.

"నీ తలగడ కింద ఉత్తరాల కట్ట చూశాను. ఇంటి నుంచి నీకు రాసేది మీ అత్తొక్కతే కదే. అవి కూడా ఆగిపోతే నువ్వేమైపోతావు?" అంది.

ఇప్పుడు నా పరుపు మీద పడుకుని ఉంది. "మీ అత్తని తిట్టకు" అని రెండుసార్లు చెప్పింది. తిట్టడం లేదు. అసలు నీకు జవాబే రాయకూడదనుకున్నాను, దాని కోసం రాస్తున్నాను. ఇకమీదట రాయాలనిపిస్తే కవరు మీద నజ్జుమ పేరు రాయి. నాకివ్వాలో వద్దో అదే చూసుకుంటుంది.

నకిబూక