ఇచ్చేవాడే ముందు తాగాలి

చండ్రుగొండ

చిరంజీవి జయప్రకాశ్‌కు అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆచారం కనుక రాస్తున్నాను. కోడలు రాజ్యశ్రీనీ, మనవరాలు లిఖితనీ అడిగినట్టు చెప్పు.

నా ఫోన్ కలవడం లేదని నువ్వు ఉత్తరం రాయడం మంచిదైంది. అది పదిహేను రోజులుగా మీ అన్నయ్య జేబులో ఉంది. రిపేరట. దానికి జబ్బేమీ లేదు, నాలాగే కొంచెం గట్టిగా మాట్లాడేది, అంతే. ఈ ఉత్తరం మన మిరపతోటలో పనికొచ్చే జమ్లి చేతికిచ్చి పోస్టు చేయిస్తున్నాను.

నా మోకాళ్ల సంగతి అడిగావు. వాటికీ నా వయసే. లిఖిత ర్యాంకు విన్నాను. దాన్ని ఇంజనీరింగుతో పాటు అన్నం వార్చడం కూడా నేర్చుకోమను.

ఇక నీ అసలు ప్రశ్న. "ఆ రోజు భోజనాల ముందు నా చేతిలోని షర్బత్ ఎందుకు లాక్కుని తాగావమ్మా?" అన్నావు. ముసలితనం, దాహం అని రాసేయవచ్చు. నలభై ఏళ్లు బడిలో పిల్లలకు అబద్ధం రాయొద్దని చెప్పినదాన్ని, చెయ్యి రావడం లేదు.

రోడ్డు పక్క చేను గురించి అన్నదమ్ములు రాజీ పడుతున్నారంటే సంతోషించినదాన్నే. కానీ నువ్వు రావడానికి వారం ముందు మీ అన్నయ్య వెంకటప్పయ్య నాతో ఒక మాటన్నాడు. "వాడు ఉన్నన్ని రోజులు ఆ చేను నాకు రాదే అమ్మా. వాడి పెళ్లామైతే యాడ పెట్టమంటే ఆడ సంతకం పెడ్తది." కోపంలో అన్నాడులే అనుకున్నాను.

ఆ రోజు షర్బత్ తనే కలిపాడు. మంచినీళ్లు కూడా మీ వదిన నాగలత తెచ్చి చేతికిస్తేనే తాగే మనిషి! వంటింట్లోకి వచ్చే ముందు మిరపతోట మందు డబ్బాలుండే గదిలోకి పోయాడు. వచ్చి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. పళ్లెంలో అన్నీ స్టీలు గ్లాసులే, నీది మాత్రం మీ నాన్న ఇత్తడి గ్లాసు. ఇత్తడిలో నిమ్మకాయ పిండకూడదని మనింట్లో పిల్లికి కూడా తెలుసు.

మీ నాన్న గూడెం పెద్దమనుషులతో తిరిగి తెచ్చుకున్న మర్యాద ఒకటుంది కదా. ఇంటికొచ్చినవాళ్లకు తాగడానికేమిచ్చినా, ఇచ్చేవాడే ముందు గుక్క వేయాలి. మధ్యవర్తిగా వచ్చిన సమ్మయ్య అదే గుర్తుచేశాడు.

"ఏంది వెంకటప్పయ్యా, ఇచ్చేటోడు ముందు తాగాలె గద. మరిచిపోయినవా?"

"నాకు షుగర్ గదా, సమ్మయ్యా," అని మీ అన్నయ్య తన గ్లాసు కిటికీలో పెట్టేశాడు. ముందురోజు నాలుగు సున్నుండలు తిన్న నోరది.

నువ్వేమో గ్లాసు ఎత్తావు. అప్పుడే లాక్కున్నాను. గడగడా తాగేశాను. "షుగర్ నీకు కదే అమ్మా, చావాలనుందా?" అని నువ్వు నవ్వావు. సమ్మయ్య కూడా నవ్వాడు. మీ అన్నయ్య నవ్వలేదు. షర్బత్ కుండలోంచి నీకు వేరే గ్లాసు ముంచాడు, తనూ ఒకటి తాగాడు. వాడి షుగర్ అప్పుడెక్కడికి పోయిందో!

నువ్వు నాటుకోడి పులుసు రెండోసారి వేయించుకుంటున్నప్పుడు నేను కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని చూసుకుంటున్నాను. నాలుక మొద్దుబారుతోందా అని పచ్చిమిరపకాయ కొరికాను. ఏమీ కాలేదు. నువ్వు బస్సెక్కేదాకా ఏమీ కాలేదు. ఇదిగో, ఇప్పటికీ ఏమీ కాలేదు.

నిన్ను పంపించి వచ్చి మీ అన్నయ్య నా మంచం పక్కన నిలబడ్డాడు. "బతికే ఉన్నవ్ గదా అమ్మా?" అన్నాడు. నవ్వుతూనే. ఆ నవ్వు మనసు విరిగిన కొడుకుదో, దొరకని దొంగదో నాకు తెలియలేదు. కన్నతల్లికి తెలియకపోవడమేమిటి అంటావేమో. తెలియలేదు నాయనా.

ఇంతవరకు దాచిన మాట ఇదే. నా పెద్దకొడుకు ఇంత పని చేయగలడని నేను నమ్మాను. నమ్మే తాగాను. అది వాడికి తెలిసిపోయింది. అప్పటినుంచి నేను వడ్డిస్తే తినడం లేదు. నాగలత పెడితే తింటున్నాడు.

ఈ నెలాఖరు ఆదివారం నిన్ను మళ్లీ భోజనానికి పిలుస్తాడు. సంతకాలు అప్పుడేనట. సమ్మయ్యను పిలవడం లేదు. అదే రోజు నాకు భద్రాచలం పోవడానికి కారు మాట్లాడాడు. నేను అడగలేదు. "ఇంట్ల సంగతి మేం జూసుకుంటం. పొద్దుగాలనే పోయి దర్శనం చేసుకో," అన్నాడు. నా భక్తి మీద వాడికింత శ్రద్ధ ఎప్పుడూ లేదు.

నేను కారెక్కను. నువ్వు రావద్దు. పిలుపు ఎంత తియ్యగా ఉన్నా రావద్దు. నా అనుమానం తప్పే అయితే, అమాయకుడైన బిడ్డను అనుమానించిన పాపం నేనే మోస్తాను. తప్పో ఒప్పో తేల్చుకోవడానికి నిన్ను మాత్రం ఆ పీట మీద కూర్చోబెట్టను.

ఇట్లు,
మీ ఇద్దరినీ కన్న అమ్మ,
పున్నమ్మ