గీతల మీద హక్కు

ప్రియమైన అమ్మకి,

నెలలు నిండని పిల్లలకి ఊపిరి అందించే మా యంత్రం సంగతి నీకు తెలుసుగా. దాన్ని నడిపే చిప్ కోసం ఇంజనీరు స్క్రీన్ మీద పెట్టెలు గీసి గీతలతో కలిపితే చాలు, ఆ బొమ్మే చిప్‌లో సర్క్యూట్ అయిపోతుంది. కోడ్ రాయక్కర్లేదు. ఈ పద్ధతి తమ పేటెంటును కాజేసి చేసిందని నువ్వు మొన్నటిదాకా పనిచేసిన కంపెనీ కేసు వేసింది. పేటెంటు మీద ఉన్న పేరు నీదే.

ఆరుగురం కలిసి పెట్టుకున్న సంస్థ. ఓడితే మూతే. నీకన్నా ముందే ఎవరో ఇలాంటిది చేశారని ఒక్క మాట చెప్పు. పేటెంటు దానంతటదే కూలిపోతుంది.

నీ చిట్టి

చిట్టితల్లికి,

మీ నాన్న నీ ఉత్తరం రెండోసారి కూడా చదివి, "మీ ఇద్దరి మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కని" అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆ రోజుల్లో మేం సర్క్యూట్ కాగితం మీద గీస్తే, ఇంకొకరు దాన్ని కోడ్‌గా మార్చేవారు. తప్పులన్నీ అక్కడే దొర్లేవి. బొమ్మనే ప్రోగ్రామ్ చేస్తే పోలేదా అని నాకు తోచింది. నాకు తెలిసినంతలో అంతకుముందు ఎవరూ చేయలేదు. లేరని తెలిసీ ఉన్నారని ఎలా చెప్పను?

కోర్టు నన్ను సాక్షిగా పిలిచింది. మీ లాయరు మీ యంత్రం డ్రాయింగులు పంపితే చూస్తాను. విచారణ అయ్యేదాకా నీతో ఈ విషయం మాట్లాడను. వేళకి తిను.

అమ్మ

అమ్మకి,

డ్రాయింగులు పంపించాం. ఫోన్ చేస్తే నాన్న ఎత్తి, "అమ్మ మాట్లాడదటరా" అన్నారు. సాక్షికి నియమాలుంటాయి, సరే. తల్లికేమీ ఉండవా? మాలో ఇద్దరు అప్పుడే వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు.

విచారణ రోజు వెనక వరసలో కూర్చుంటాను. నావైపు చూడకు.

చిట్టి

ప్రియాతిప్రియమైన అమ్మా,

కంపెనీ నిన్న కేసు వెనక్కి తీసుకుంది. విచారణ రోజు నువ్వు కోర్టు మెట్లు దిగి వెళ్లిపోతుంటే నేను పిలవలేదు. అందుకే ఈ ఉత్తరం.

వాళ్ల లాయరు "ఇది మీ ఆలోచనే కదా?" అన్నప్పుడు ఇక మా పని అయిపోయిందనుకున్నాను. నువ్వు తాపీగా కళ్లజోడు తుడుచుకుని చెప్పావు: "పెట్టెలు గీయడం ఎవరి సొత్తూ కాదండీ. నా పద్ధతిలో ఏ పని ముందో ఏది తర్వాతో యంత్రమే తేల్చుకుంటుంది. పేటెంటు దాని మీదే. ఈ అమ్మాయి ఆ నిర్ణయం గీసేవాళ్ల చేతికే వదిలింది. పసిబిడ్డ ఊపిరి దగ్గర అదే సరైనది. నాదానికన్నా మెరుగు."

"కూతురు కాబట్టి అంటున్నారా?"

"కూతురు కాబట్టే మళ్లీ మళ్లీ సరిచూశాను."

ఈ మాట నాకు ముందే చెప్పి ఉంటే నీ సాక్ష్యాన్ని ఎవరూ నమ్మేవారు కాదని మా లాయరు అన్నాడు. నా కోపం కొంత తగ్గింది. పూర్తిగా కాదు.

చిన్నప్పుడు నేనేం గీసి చూపించినా "ఈ గీత వంకర" అనేదానివి. బాగుందన్న మాట నీ నోట మొదటిసారి విన్నాను, అదీ కోర్టువాళ్లు నీచేత ప్రమాణం చేయించాక.

ఆదివారం వస్తున్నాను. తలుపు నువ్వే తియ్యి.

నీ చిట్టి