కంచె అవతల ఓక్

మే 28
మోకాలు మళ్లీ వాచింది. అయినా పార్కంతా తిరగక తప్పలేదు. పెద్ద ఓక్ చెట్టు చిటారు కొమ్మలు ఈ వసంతంలో కూడా చిగురు వెయ్యలేదు. కారణం తెలిసిందే. ఎనిమిది వందల ఏళ్ల చెట్టని విని జనం వస్తారు. కావలించుకుంటారు, ఫోటోలు దిగుతారు. వాళ్ల కాళ్ల కింద నేల సిమెంటులా గట్టిపడింది. వేళ్లకు నీళ్లు అందడం లేదు. ముచ్చటపడి చంపేస్తున్నారు. మేనేజర్ డెరెక్ కంచె వేసెయ్యమన్నాడు. తిట్లు మాత్రం పార్కు కాపలా చూసే వార్డెన్‌నైన నాకు.

జూన్ 4
కంచె వేశాం. చెట్టుకి జైలేమిటని ఒకావిడ అరిచింది.

జూన్ 8, ఆదివారం
టక్‌వెల్ గారొచ్చారు. భార్య పోయాక ప్రతి ఆదివారం వచ్చి ఆ చెట్టుకి వీపు ఆనించి కూర్చుంటారు. పెళ్లి చేసుకుందామని ఆమెను అడిగింది అక్కడేనట.
“నన్ను కూడా బయటే నిలబెడతావా, అమ్మాయ్?”
“అందరికీ ఒకటే రూలు, టక్‌వెల్ గారూ.”
“ముసలాడి బరువుకి నేల కుంగిపోద్దా?”
నవ్వించాలని చూశారు. కంచె గేటు తాళంచెవి నా జేబులోనే ఉంది. తియ్యలేదు. ఇంటికొచ్చి టీ కూడా పెట్టుకోకుండా పడుకున్నాను.

జూన్ 15
ఆయన మడత కుర్చీ తెచ్చుకుని కంచె బయట కూర్చున్నారు. నన్ను చూసి కుర్చీ అటు తిప్పుకున్నారు.

జూలై 13, సాయంత్రం
మధ్యాహ్నం గాలే లేదు. ఆకు కదల్లేదు. ఉన్నట్టుండి ఫిరంగి పేలినట్టు చప్పుడు. లారీ అంత కొమ్మ విరిగి, టక్‌వెల్ గారు ఇదివరకు కూర్చునే చోటే పడింది. పరుగెత్తాను. కంచె ఇవతల, కుర్చీలోనే ఉన్నారు, ఒంటినిండా దుమ్ముతో. ఒక్క గీతా పడలేదు.
“బతికించావు,” అన్నారు. చొక్కా దులుపుకుని, “నన్ను అడక్కుండా,” అన్నారు.
ఆయన పక్కన గడ్డిలో కూలబడ్డాను. ఫ్లాస్కు మూతలో టీ పోసి నా చేతికిచ్చారు.

జూలై 22
ఊరివాళ్లతో మీటింగు. చెట్టునే కొట్టించేద్దామన్నాడు డెరెక్. రేపు ఎవరి మీదైనా పడితే పూచీ ఎవరిదన్నాడు. అలసిపోయి ఉన్నాను. ఊఁ అనబోయాను. టక్‌వెల్ గారు లేచారు.
“పడింది కంచె లోపల కదయ్యా! బయటున్న నాకేమైంది? దాన్ని దాని చోట ఉండనివ్వు. భయమైతే కంచె ఇంకాస్త ఇవతలికి జరుపు.”
“చెట్టు మీకు ఇంకా దూరమైపోతుందండీ,” అన్నాను.
“అయితే కానీలే.”
అప్పుడు నాకూ నోరొచ్చింది. జరిపే పని నేను చూసుకుంటానన్నాను. డెరెక్ గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

ఆగస్టు 9
కంచె జరిపాం. నడుము పోయింది. టక్‌వెల్ గారు కుర్చీ ఎత్తుకుని మా వెనకే జరిగారు.

సెప్టెంబరు 30
పార్కు ఖాళీ. కంచె దగ్గర ఆగి తలెత్తి చూశాను. ఇన్నేళ్లూ జనం కాళ్లే చూశాను. చెట్టు ఇంత పెద్దదని తెలీదు. మెడ పట్టేసింది.