దిగాల్సిన స్టాపు

సరోజక్కా,

నువ్వు పోయాక మొదటిసారి, మన బడిలో ఎనిమిదో తరగతి ముగించిన పిల్లని హైస్కూలు చూపించడానికి నేనొక్కదాన్నే తీసుకెళ్లాను. మురుంగపాక్కం ఊరి నుంచి ఈసారి కవిత ఒక్కతే. నీ పద్ధతే పాటించాను. బస్సులో పిల్ల ముందు సీట్లో ఒంటరిగా కూర్చుని, టికెట్ తానే అడిగి, స్టాపు చూసుకుని తానే దిగాలి. తల్లీ టీచరూ వెనక సీట్లో ఉండి పలకరించకూడదు.

కవిత వాళ్లమ్మ పిల్ల పక్కకి వెళ్దామని లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"వదులు టీచరమ్మా, బిడ్డ ఏడుస్తాది."

"ఏడిస్తే ఏడవనీ. దోవ తెలిస్తే చాలు," అన్నాను. అది నీ మాటే.

కవిత సరిగ్గా హైస్కూలు దగ్గర దిగింది. బస్సు కదిలాక గానీ మేమిద్దరం దిగలేదని నాకు తెలియలేదు. తరువాతి స్టాపు నుంచి ఎండలో పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాం. కవిత గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడుతోంది. బాత్రూము, తొమ్మిదో తరగతి గది ఎక్కడున్నాయో అప్పటికే కనుక్కుంది.

"ఏంది టీచర్, మీరు యాడికి పోయినారు?" అంది.

వాళ్లమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లూ ఆ స్టాపు నాకు తెలుసనే అనుకున్నాను అక్కా. "ఇంక లేయండి, దిగుదాం" అని ప్రతిసారీ నువ్వు అనేదానివి. నిన్న కూడా ఆ మాట వినబడేదాకా కూర్చునే ఉన్నాను.