మెషీన్ నిలబడిన చోటు

2004 జూలై 12, సోమవారం

నగరి మరమగ్గాల షావుకారు మళ్లీ ఫోన్ చేశాడు. మా సాఫ్ట్‌వేర్‌లో నూలు స్టాక్ చూపించే పాత స్క్రీనే వచ్చిందట. నేను దాన్ని సరిచేసి నెలయింది. శనివారానికి సరికాకపోతే సోమవారం రానక్కర్లేదని హరినాథ్ సార్ అందరి ముందూ అన్నాడు. నా కోడ్‌లో తప్పు లేదు. తప్పంతా ఆ మూలనున్న బిల్డ్ మెషీన్‌ది.

దాన్ని పెట్టింది ధనంజయ. పోయినేడు పుత్తూరు రోడ్డులో లారీ గుద్ది చచ్చిపోయాడు. అతని కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టారు.

రోజూ సాయంత్రం ఆ మెషీన్ మా అందరి కోడ్ కలిపి సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. అయ్యాక స్పీకర్‌లో అతని గొంతు. "అయిపోయిందప్పా. ఇండ్లకు పోండి ఇంక." ఎప్పుడో సరదాకి రికార్డ్ చేసి పెట్టాడట. చచ్చినవాడు చెబితే నేను ఇంటికి పోవాలి. ఒళ్లు మండుతుంది.

ఆఫీసు ఊడ్చే వసంతమ్మ ఆ టైముకి చీపురు ఆపి నిలబడుతుంది. అతని తల్లి.

జూలై 14

మెషీన్ తన పని రాసిపెట్టుకునే లాగ్ చదివాను. 2003 నాటి ఫైళ్లు ఎక్కడో మిగిలిపోయి కొత్తవాటిలో కలుస్తున్నాయి. ఒక్కడూ తుడవలేదు. అన్నీ నేనే చూసుకోవాలి, తిట్లూ నేనే తినాలి.

జూలై 15

నేను మెషీన్ మీద చెయ్యి పెట్టానని రేవతి వసంతమ్మకు చెప్పేసింది. పక్క సీటే, నోరు ఆగదు. వసంతమ్మ టీ తెచ్చి కదలకుండా నిలబడింది.

"వాడి గొంతు ఆడే ఉంటాది గదా నాయనా?"

ఇంట్లో ఆమెకు ఫోటో ఉందిగానీ గొంతు ఇక్కడ తప్ప ఎక్కడా లేదట. ఎక్కడికీ పోదులేమ్మా అన్నాను. విసుగ్గానే అన్నాను.

జూలై 16, మధ్యాహ్నం

మెషీన్‌ని నడిపే స్క్రిప్ట్ మొదట్లో ఒక లైను రాశాను. ఇప్పుడున్న ఫోల్డర్ మొత్తం ఖాళీ చెయ్యి, ఆ తర్వాతే కొత్త కోడ్ తెచ్చుకో. డి డ్రైవ్‌లో బిల్డ్ ఫోల్డర్ తెరిచి చేత్తో నడిపాను. మళ్లీ నడిపాను. కొత్త స్క్రీనే వచ్చింది. ఇంక రమ్మను షావుకారుని.

జూలై 16, సాయంత్రం

స్క్రీన్ మీద బిల్డ్ ఓకే అని వచ్చింది. స్పీకర్ పలకలేదు.

వసంతమ్మ చీపురు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

రోజూ సాయంత్రం స్క్రిప్ట్‌ని నడిపించే షెడ్యూలర్ తెరిచాను. స్టార్ట్ ఇన్ అని ఒక గడి ఉంది. మెషీన్ తనంతట తాను నడిచేటప్పుడు ఏ ఫోల్డర్‌లో నిలబడి పని మొదలుపెట్టాలో ఆ గడిలో ఉంటుంది. అందులో ధనంజయ సొంత ఫోల్డర్ ఉంది. నేను చేత్తో నడిపింది డి డ్రైవ్‌లో. సాయంత్రం అది నడిచింది అతని ఫోల్డర్‌లో. ఖాళీ చెయ్యమన్నాను, చేసింది. పాత ఫైళ్లు పోయాయి. అక్కడే ఉన్న గొంతూ పోయింది. రీసైకిల్ బిన్‌లో కూడా లేదు. కాపీ ఎవరి దగ్గరా లేదు.

నగరిలో స్క్రీన్ సరిగా వచ్చిందని హరినాథ్ సార్ భుజం తట్టాడు. ఆ చెయ్యి విరిచేయాలనిపించింది.

జూలై 17

వసంతమ్మకు చెప్పేశాను. స్పీకర్ చెడిపోయిందని చెప్పమంది రేవతి. నా వల్ల కాలేదు. మెషీన్‌కి తానెక్కడుందో తెలియదమ్మా, ఎక్కడ నిలబెడితే అక్కడే పని చేస్తుంది అన్నాను.

వసంతమ్మ గ్లాసులు కడుగుతూనే ఉంది.

"యాడ నిలబడల్లో నువ్వు చెప్పలేదా దానికి?"

జూలై 18

ఆదివారం. అన్నం సహించలేదు.

జూలై 19

గడిలో డి డ్రైవ్ ఫోల్డర్ రాశాను. స్పీకర్ వైరు పీకేశాను. సాయంత్రం వసంతమ్మ మెషీన్ వైపు వీపు పెట్టి కిటికీ తుడుస్తోంది. నేను స్క్రీన్ వైపే చూస్తున్నాను. బిల్డ్ ఇంకా నడుస్తోంది.

"అయిపోయిందప్పా. ఇండ్లకు పోండి ఇంక."

ఆమే అంది. అతని లాగే, చివర కాస్త సాగదీసి.

అప్పుడు వచ్చింది బిల్డ్ ఓకే.

ఇంటికి వచ్చేశాను.