చప్పుడు లెక్కలోకి రాదు

అమ్మాయీ,

పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టి లాకప్పులో కూర్చున్న నీ కొడుకుని టీవీయే చెడగొట్టిందని లాయరుకి చెప్పావట. తప్పు. టీవీ మనుషుల్ని ఎంత చెడగొడుతుందో తేల్చే పరిశోధనలో పాతికేళ్ళు పనిచేశాను కాబట్టి సాక్ష్యం నా చేత చెప్పిద్దామని నీ ఆలోచన. నిజమే, సీరియళ్ళలో చెంపదెబ్బలు లెక్కపెట్టి పింఛను పుచ్చుకుంటున్న మనిషి నీకు ఇంకెక్కడా దొరకదు.

మా పనిలో ఒక నియమం ఉండేది. కంటికి కనబడిన దెబ్బే రాసుకోవాలి, చప్పుడొక్కటే వినిపిస్తే లెక్కలోకి రాదు. ఆ నియమం ఇంటికీ తెచ్చుకున్నాను. పక్కగదిలో మీ ఆయన నిన్ను కొడుతుంటే, అప్పటికి పసివాడైన నీ కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీవీ సౌండు పెంచేదాన్ని.

నిన్న వాడి పక్కింటావిడ కనబడింది. "ఆ రోజు టీవీ చెవులు చిల్లులు పడేలా పెట్టాడు మామ్మగారూ, పిల్ల అరుపులు మాకేం వినబడతాయి!" అంది. సౌండు పెంచడం వాడు ఏ సీరియల్లోనూ నేర్చుకోలేదు.

కోర్టులో ఇదే చెబుతాను. వాడు బయటికి రాకపోయినా, నువ్వు మళ్ళీ నా గుమ్మం తొక్కకపోయినా.

రేపు ఆసుపత్రికి వెళ్ళి ఆ పిల్లకి వదులు చేతుల జాకెట్లు ఇచ్చిరా. కట్టు వేసిన చెయ్యి మామూలు వాటిలో పట్టదు. నీకు అప్పట్లో నేను కుట్టించినవి బీరువా అడుగున ఉంటాయి, చూడు.

అమ్మ